ఎంక్వైరీ సాబ్

మొన్న కారు బీమా గడువు దగ్గర పడిందని నల్లగొండ పోయాను. నేను ఎప్పుడూ పోయే ఏజెంటు ఈసారి నిరుటికంటే ఎక్కువ కట్టాలన్నాడు. కారు ఇంకో ఏడాది పాతబడింది కదా, బీమా పెరగడమేమిటని అడిగాను. రోజూ ఎంతమందికి చెప్తున్నాడో ఏమో, పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయాడు. బంపరుకు గీత పడితే కాలు విరిగిందని కేసు, అద్దం పగిలితే నడుం పోయిందని కేసు, కంపెనీలు అదంతా తెచ్చి మన నెత్తిన రుద్దుతున్నాయని. చెప్తూ చెప్తూ ఆగాడు.

"ఎంక్వైరీ సాబ్ ఉన్నప్పుడు దొంగ కేసులోళ్లకు జర భయముండె మేడం. ఆయన గూడ పాయె గద," అన్నాడు.

ఆయన చనిపోయిన సంగతి నాకు తెలియదు. ఎప్పుడని అడిగితే నెల దాటిందన్నాడు. నేను కాగితాల మీద సంతకాలు పెట్టి బయటికొచ్చి కారులో కూర్చున్నాను కానీ, చాలాసేపు తాళం తిప్పలేకపోయాను.

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఉంది. కానీ చిట్యాల నుంచి హుజూర్‌నగర్ దాకా, పోలీస్ స్టేషన్లలో, దవాఖానల్లో, కోర్టు ముందరి చాయ్ హోటళ్లలో ఆయన్ను అందరూ ఎంక్వైరీ సాబ్ అనే పిలిచేవాళ్లు. రోడ్డు ప్రమాదాల్లో దెబ్బ తగిలిందని కేసు వేసినవాళ్ల సంగతి నిజమా కాదా అని బీమా కంపెనీల తరఫున విచారించడం ఆయన పని. అది నౌకరీ కాదు. కంపెనీ ఫైలు పంపిస్తే పనుంటుంది, పంపకపోతే లేదు.

సన్నగా, పొడుగ్గా ఉండేవారు. పాత స్కూటరు. నల్లగొండ గుట్టలు కాగి సెగలు కక్కే ఎండాకాలంలో కూడా మెడకు ఉన్ని మఫ్లర్ చుట్టుకునేవారు. ఎందుకని తర్వాత ఎప్పుడో అడిగాను. "ఊళ్లెకు కొత్త మనిషి వోతే భయపడ్తరు. గీ మఫ్లర్ జూస్తె నవ్వుతరు. నవ్వినంక మనిషి మాట్లాడ్తడు," అన్నారు.

కేసు వేసినవాళ్ల ఇంట్లో చాయ్ కాదు కదా మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. స్కూటరు ముందు సంచిలో సొంత నీళ్ల సీసా ఉండేది. ఎంత బతిమాలినా, "తాగితే నాలుక మారుతది, వద్దు," అనేవారు. ప్రమాదం గురించి మాత్రం ముందే అడిగేవారు కాదు. వానలెట్లున్నయి, బర్రె ఈనిందా, పిల్లగాండ్లు ఏం చదువుతున్నరు, ఇట్లా ఊరి ముచ్చట్లన్నీ అయ్యాక, లేచి పోబోతూ ఏదో మరిచిపోయినట్టు మళ్లీ కూర్చుని అసలు మాట అడిగేవారు.

ఆయన గురించి అప్పట్లో కోర్టు దగ్గర ఒక ముచ్చట చెప్పుకునేవాళ్లు. దెబ్బలు తగిలాయని కేసు వేసిన ఒక పిల్లవాడు అసలు ఆ ఆటోలో ఎక్కనే లేదని ఆయనకు అనుమానం. ఏమీ అడగకుండా, ఆ పొద్దు ఆటోలో పాటలు మంచిగ వచ్చినయా అన్నారట. మంచిగ వచ్చినయన్నాడు వాడు, ఏ పాటో కూడా చెప్పాడు. ఆ ఆటోలో పాటల పెట్టె పాడైపోయి, డ్రైవరు దాన్ని పీకేసి చాలా కాలమైంది. సాబ్ వాణ్ని కోప్పడలేదు. పాట మాత్రం మంచిదే అని చెప్పి స్కూటరెక్కారట.

ఆ ఆటో నేనెక్కిన ఆటోనే. ఆ ఆటో పేరుతో పడిన కేసుల్లో ఒకటి నాది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను రామన్నపేటలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఉండేది చిట్యాలలో. మా ఆయనకు అక్కడ మోటార్లు చుట్టే షాపు. రోజూ షేర్ ఆటోలో పోయిరావడం. ఒక పొద్దున హైవే మీద మా ఆటో రామన్నపేట దిక్కు తిరగడానికి ఆగి ఉంటే వెనుక నుంచి ఒక కారు వచ్చి తాకింది. పెద్ద దెబ్బేమీ కాదు. కారు బంపరుకు గీత పడింది. మేమందరం ఒకసారి ముందుకు ఊగి వెనక్కి పడ్డాం. ఎవరికీ రక్తం రాలేదు. కారాయన, ఆటో డ్రైవరు కాసేపు తిట్టుకున్నారు. నేను బడికి పోయి పాఠం చెప్పాను కూడా.

సాయంత్రానికి మెడ పట్టేసింది. నాలుగు రోజులు పోయేసరికి కుడిచెయ్యి పొడుగునా చీమలు పాకినట్టు తిమ్మిరి. ఆ తర్వాత చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. ఎక్స్‌రేలో ఎముకలన్నీ బాగున్నాయి. నల్లగొండ డాక్టరు పెద్ద స్కానింగు తీయించి, మెడలో నరం నలుగుతోందని, పట్టీ వేసుకోవాలని, తగ్గకపోతే ఆపరేషనేనని చెప్పాడు.

పట్టీ వేసుకుని బడికి పోతే స్టాఫ్‌రూములో నవ్వులు. ఆ గీతకే ఇంత పట్టీ అయితే కారు బోల్తా పడితే ఎంత వేసుకునేవారో అని ఒకాయన. బోర్డు మీద రాయలేని టీచరు ఎందుకని హెడ్మాస్టరు నా ముందు అనలేదు కానీ, కొత్త టీచరు కోసం వాకబు చేస్తున్నాడని నాకు తెలిసింది. నేను ఇంట్లో పిల్లల పలక తీసుకుని ఎడమచేత్తో రాయడం నేర్చుకోవడం మొదలుపెట్టాను.

అప్పుడే మా ఇంటికి ఒక మధ్యవర్తి వచ్చాడు. ఆటోలో ఉన్నవాళ్ల చేత, లేనివాళ్ల చేత కేసులు వేయిస్తున్నది అతనే. ఒకామెకు కాలు విరిగినట్టు కట్టు కట్టించాడు. నాకూ భుజం ఎముక విరిగినట్టు కాగితం తెప్పిస్తానన్నాడు. నాకు ఉన్న నొప్పి ఉన్నది, అది చాలు, లేనిది ఎందుకు చెప్పాలి అన్నాను.

అతను నవ్వాడు. "ఉన్నది చెప్తె ఎవలు నమ్మరు మేడం. లేనిది చెప్తెనే నమ్ముతరు," అన్నాడు.

నేను వేరే వకీలును పెట్టుకుని నా కేసు నేను వేసుకున్నాను. అయినా ఏం లాభం. ఆటో ఒకటే, తేదీ ఒకటే, కోర్టు ఒకటే. కంపెనీ కళ్లకు మేమందరం ఒకే ముఠా.

సాబ్ బడికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. మధ్యాహ్నం పిల్లలు అన్నానికి పోయారు. నేను తరగతి గదిలో ఒంటరిగా కూర్చుని ఉన్నాను. హెడ్మాస్టరు ఆయన్ను గుమ్మం దాకా తెచ్చి, చూసుకోండి అన్నట్టు తలాడించి పోయాడు. మఫ్లర్ చూసి నాకు నవ్వు రాలేదు. ఆయన వెనుక బెంచీలో, పిల్లవాడిలా మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. ఏం పాఠం నడుస్తోందని, పిల్లలు ఛందస్సు పట్టుకుంటున్నారా అని అడిగారు. ఆయన సంగతి మా వకీలు ముందే చెప్పాడు. వారం నుంచి చిట్యాల బస్టాండులో, మా వీధి కిరాణా కొట్టు దగ్గర ఆ మఫ్లర్‌ను నేను కూడా చూశాను.

మీరు నా వెంట తిరుగుతున్నారు కదా అని అడిగాను.

"అవునమ్మా. నా పని గదే," అన్నారు.

సాకులు చెప్తాడనుకున్నాను. అంత సాఫీగా ఒప్పుకునేసరికి కోపం ఎటు పోవాలో తెలియక నాలోనే నిలబడిపోయింది. ఇంకేం చూడాలో చూడండి అన్నాను. ఆయన బోర్డు వైపు చూసి, "రోజు బోర్డు మీద ముందుగాల ఏం రాస్తవో, గది కుడిచేత్తోని రాయమ్మా. నొస్తె ఆపెయ్యి," అన్నారు.

రోజూ రాసేది తేదీ, పాఠం పేరు. సుద్దముక్క తీసుకుని చెయ్యి లేపాను. భుజం దాకా వచ్చింది. అక్కడి నుంచి ఎడమచేత్తో మోచేతిని పట్టి పైకి నెట్టాను. రెండు అక్షరాలు పడ్డాయి. మూడోది గీతలా కిందికి జారింది. సుద్ద చేతిలో నుంచి పడిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవకూడదని బోర్డు వైపే తిరిగి నిలబడ్డాను.

బయట చెయ్యి కడుక్కునే నల్లా దగ్గర పిల్లల గోల మొదలైంది. సాబ్ బెంచీలో నుంచి లేచి వచ్చారు. బల్ల మీది గుడ్డ తీసుకుని, ఆ రెండు అక్షరాలను, ఆ జారిన గీతను శుభ్రంగా తుడిచారు. "పిల్లలస్తున్నరు," అని ఒక్కమాట అని, గుడ్డ ఎక్కడిది అక్కడ పెట్టి వెళ్లిపోయారు. పోతూ పోతూ సుద్దముక్క కూడా ఏరి బల్ల మీద పెట్టారు.

ఆయన్ను తలచుకుంటే ఇప్పటికీ నాకు ముందు కనిపించేది ఆ వీపు, ఆ బోర్డు తుడవడం.

తర్వాత జరిగింది నాకు మా వకీలు చెప్పాడు. మిగతావాళ్లవి దొంగ కేసులని, నాది నిజమని సాబ్ రాసి పంపారట. కంపెనీవాళ్లు దాన్ని తిప్పి పంపారు. ఒకటి నిజమంటే మిగతావాటికి బలమొస్తుంది, అన్నీ ఒకే ముఠా అని రాయమన్నారు. ఆయన రాయలేదు. అయినా మిగతా కేసులు కొట్టేయించడానికి వాళ్లకు ఆయన సాక్ష్యం కావాలి. కాబట్టి పిలిచారు. కోర్టు వరండాలో కంపెనీ వకీలుతో ఆయన అంటుంటే నేను విన్నాను, నన్ను చూడలేదు ఆయన.

"టీచరమ్మ సంగతి అడగకుంటె చెప్ప సార్. అడిగితె మాత్రం అబద్ధం చెప్ప."

లోపల కట్టు కట్టుకున్నామె సంగతి, పాట పిల్లవాడి సంగతి ఆయన వరసగా చెప్పారు. కంపెనీ వకీలు సంతోషంగా కూర్చున్నాడు. అప్పుడు మా వకీలు లేచి నా గురించి అడిగాడు. కంపెనీ వకీలు అడ్డం పడ్డాడు కానీ జడ్జి చెప్పనివ్వమన్నారు. ఎక్స్‌రేలో ఏమీ లేదు, స్కానింగు కాగితం నమ్మలేమని కంపెనీ అంటోంది, ఈమెకు నొప్పి ఉందని ఎట్లా అంటున్నావని కూడా జడ్జే అడిగారు.

సాబ్ నిదానంగా చెప్పారు. "నేను డాక్టర్ను గాను సార్. నొప్పి సంగతి డాక్టర్ చెప్తడు. నాకు తెల్సింది ఒక్కటే. నేను ఈమె ఎనుక చాన దినాలు తిరిగిన. ఎవ్వలు చూస్తలేరు అనుకున్నప్పుడు గూడ ఈమె కుడిచెయ్యి లేపలే."

నన్ను అంత అవమానపరిచిన ఆ వెంట తిరగడమే నన్ను కాపాడింది. మిగతా కేసులు కొట్టేశారు. నాది నిలబడింది. వైద్యం సాగింది, ఆపరేషన్ అవసరం లేకుండానే ఏడాదిన్నరకు చెయ్యి లేచింది. హెడ్మాస్టరు కొత్త టీచరు మాట మళ్లీ ఎత్తలేదు.

తీర్పు వచ్చిన కొద్దిరోజులకు మా ఇంటి ముందు స్కూటరు ఆగింది. సాబ్ లోపలికొచ్చి, నేను అడగకముందే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "కేసు ఒడిసింది గదా. ఇప్పుడు చాయ్ పొయ్యి అమ్మా. కిరాణా దుకాణం కాడ నిలవడ్డ వారమంత మీ ఇంట్ల అల్లం చాయ్ వాసన మెదడుకెక్కింది," అన్నారు. రెండు కప్పులు తాగారు. మా ఆయనతో మోటార్ల గురించి మాట్లాడారు. కంపెనీవాళ్లు ఫైళ్లు పంపడం మానేశారన్న సంగతి మాత్రం చెప్పలేదు. అది చాలా రోజుల తర్వాత ఇంకెవరో చెప్తే తెలిసింది.

నావల్ల ఆయన బతుకు పోయిందని బాధపడితే ఒప్పుకోలేదు. ఆయన కోపమంతా దొంగ కేసులవాళ్ల మీదే. ఒక్కడి దొంగ నొప్పికి ఊరందరం బీమా కడుతున్నామనేవారు. అయితే దానికంటే పెద్ద బాధ ఇంకొకటి ఉండేది ఆయనకు. "దొంగ కట్టు కట్టినోడు కంపెనీని ముంచుతడా? కంపెనీ మునగదు. రేపు నిజంగ ఇరిగినోడు వచ్చి మొత్తుకుంటే వాని నోట్ల మన్ను వడ్తది," అనేవారు.

ఫైళ్లు ఆగిపోయాక ఆయన ఒక పాత చిన్న కారు కొని నల్లగొండలో డ్రైవింగు నేర్పడం మొదలుపెట్టారు. చెయ్యి బాగయ్యాక నేనూ పోయి చేరాను. ఆయన నేర్పే పద్ధతి విచిత్రం. మొదటి రోజు ఎవరినీ స్టీరింగు ముట్టనిచ్చేవారు కాదు. వెనుక సీట్లో కూర్చోబెట్టి తనే నడుపుతూ, కావాలని ఒకటి రెండుసార్లు గట్టిగా బ్రేకు వేసేవారు. ఎనుక కూసున్నోని పాణం ఎట్లుంటదో ముందు తెలుసుకో అనేవారు. కుక్క అడ్డమొస్తే హారన్ కొట్టనిచ్చేవారు కాదు. కారు ఆపించి, అద్దం దించి, "పో బిడ్డా, మెల్లగ పో," అని దానికే చెప్పేవారు. వెనుక లారీలవాళ్లు నన్ను తిట్టేవాళ్లు.

లైసెన్సు వచ్చాక నన్ను ఒకసారి దూరం పోదాం రమ్మన్నారు. మిర్యాలగూడ మీదుగా హుజూర్‌నగర్ దాకా నేనే నడిపాను. దారంతా సరదాగా మాట్లాడిన మనిషి ఊరు దగ్గరపడేకొద్దీ చప్పుడు చేయడం మానేశారు. ఒక సందు మొదట్లో కారు ఆపమని, నన్ను అక్కడే ఉండమని దిగారు. సందు చిన్నది, నాకు కనిపిస్తూనే ఉంది. ఒక ఇంటి ముందర నులక మంచం మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. నడుం వంగిపోయి ఉంది. సాబ్ పోయి ఎదురుగా నిలబడ్డారు. ఆయన కూర్చోమనలేదు. సాబ్ ఏదో అన్నారు, ఆయన తల తిప్పుకున్నాడు. కాసేపు అట్లాగే నిలబడి సాబ్ వెనక్కి వచ్చేశారు.

కారు కదిలాక చెప్పారు. ఆ మనిషి రైస్ మిల్లులో హమాలీ. మిల్లు ఆవరణలో వెనక్కి వస్తున్న కారు తాకి నడుం మీద పడ్డాడు. ఎక్స్‌రేలో ఏమీ రాలేదు. విచారణకు పోయిన సాబ్‌కు అతను మిల్లులో బస్తా మోస్తూ కనిపించాడు. ఫోటో తీసి పంపించారు. కేసు కొట్టేశారు. ఆ నడుం మళ్లీ నిటారు కాలేదు.

"బస్తల ఉన్నది ఊకనమ్మా. బియ్యం గాదు. పని చేస్తలేడని షావుకారి ఎల్లగొడ్తడేమో అని భయపడి, ఊక బస్త మోసి చూపెట్టిండు. బస్తల ఏమున్నదని నేను అడగలే. నాకు ఫోటో దొరికింది, సంబురంగ వచ్చేసిన," అన్నారు.

తెలిశాక కోర్టు చుట్టూ తిరిగారట. అప్పటికి గడువు దాటిపోయింది. అప్పటి నుంచి ఏటా ఒకసారి పోయి ఆ ఇంటి ముందు నిలబడి వస్తారు. మాఫ్ చేయమని అడిగారా అన్నాను.

"ఏ మొఖంతోని అడుగుత? అడిగితె, మాఫ్ చెయ్యకపోతినే అని ఆయన మీద ఇంకో బరువు. ఎట్లున్నవు అని మాత్రం అంట. తిట్టబుద్ధైతె తిడ్తడు. లేకుంటె గిట్ల మొఖం తిప్పుకుంటడు. గదాయన హక్కు."

నేను ఆ రోజు కారును చాలా మెల్లగా నడిపాను. మెల్లగా పోతున్నావేమిటని ఆయన కూడా అడగలేదు.

నా కేసులో ఆయన అన్ని రోజులు ఎందుకు తిరిగారో, వెంటనే నమ్మకుండా, వెంటనే కొట్టేయకుండా ఎందుకు ఆగారో నాకు అప్పుడు తెలిసింది.

ఏజెంటు చెప్పిన వార్త విన్న రోజే నేను ఆయన ఇంటికి పోయాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టింది. రాత్రి మంచిగ తిని పడుకున్నారట. తెల్లవారి నమాజుకు లేపుదామని పోతే లేవలేదట. చెప్పి ఆమె కళ్లు తుడుచుకుంది. ఇంతమంది వస్తారనుకోలేదని, ఎవరెవరో ఆడవాళ్లు ఆయన దగ్గర కారు నేర్చుకున్నామని చెప్పి ఏడ్చారని చెప్పింది. ఇంటి ముందు ఆ చిన్న కారు మీద దుమ్ము పేరుకుని ఉంది.

ఇంటికి పోతుంటే దారిలో హుజూర్‌నగర్ ఆయన గుర్తొచ్చాడు. ఆయనకు ఎవరు చెప్తారు? చెప్పాల్సిన పని ఎవరికుంది? ఆదివారం కారు తీసి ఒక్కదాన్నే పోయాను. సందు గుర్తుంది. మంచం అక్కడే ఉంది, ఆయన అక్కడే ఉన్నాడు, నడుం ఇంకా వంగింది. నేను ఫలానా సాబ్ దగ్గర కారు నేర్చుకున్నదాన్నని, ఒకసారి ఆయనతో వచ్చి సందు మొదట్లో ఆగానని చెప్పాను. ఆయన నన్ను కింది నుంచి పైకి చూసి, కోడలితో కుర్చీ వేయమన్నాడు.

సాబ్ పోయారని చెప్పాను.

కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆయన మంచం నులక మీద వేలితో గీస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఇక లేచి పోదామనుకుంటుండగా తలెత్తి అడిగాడు.

"పాణం వోయేటప్పుడు నొప్పి గిట్ల ఏమన్న ఉండెనా?"

"లేదు. నిద్రలనే పోయిన్రు," అన్నాను.

"గది మంచిగైంది," అన్నాడు ఆయన. అని, రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుని, మెల్లగా, తన నడుం తాను మోసుకుంటూ లేచి లోపలికి పోయాడు.